తాళంచెవి కోసం ఆగిన ట్యూబులు

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఖానాపురం హవేలిలో షేర్ ఆటో దిగి, ఇద్దరు ముగ్గురిని అడ్రసు అడిగి, చెమటలు కక్కుతూ లోపలికి వస్తారు. మంచినీళ్ళు తాగి, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. వాళ్ళకు కావలసింది నేను గెలిచిన కేసు. అలాంటివీ ఉన్నాయి. కానీ వాటిని చెబితే నా గొప్ప పెరుగుతుందే తప్ప మీకు ఒరిగేదేమీ లేదు. అందుకని చెడిపోయిన కేసు ఒకటి రాస్తున్నాను.

ముందు నా సంగతి. నేను పుట్టు అనుమానపు మనిషిని. పెళ్ళిచూపులకు వచ్చిన ఆయనకు నిజంగా ఉద్యోగం ఉందో లేదోనని మర్నాడే ఆయన ఆఫీసుకు వెళ్ళి, గుమాస్తాను అడిగి మరీ తేల్చుకున్నాను. ఆయనే మా ఆయన. ఇన్నేళ్ళయినా ఎవరైనా చుట్టాలొస్తే ఆ ముచ్చట తీసి నన్ను దెప్పకుండా ఉండడు. ల్యాబులో నన్ను వెనక 'అనుమానాల మేడం' అనేవాళ్ళు. నాకు కోపం రాలేదు సరికదా, లోపల కాస్త గర్వపడ్డాను. మన పనికి అనుమానమే పెట్టుబడి అనుకునేదాన్ని.

మా ల్యాబు పెద్దదేమీ కాదు. విత్తనాల్లో కల్తీ పట్టడానికి పెట్టింది. ఏడాదిలో సగం రోజులు మిర్చి, పత్తి విత్తనాల పొట్లాలతోనే సరిపోయేది. తరవాత్తరవాత అడవి శాఖ వాళ్ళ మాంసం శాంపిళ్ళు కూడా రావడం మొదలైంది. భద్రాచలం దారిలో అడవి అంచు గూడేల్లో ఎవరింట్లోనైనా అనుమానం కలిగించే మాంసం దొరికితే అది మేకా, దుప్పా తేల్చాలి. హైదరాబాదు పంపితే జవాబుకు నెలలు పట్టేది కాబట్టి మొదటి పరీక్ష మా దగ్గర చేయించేవాళ్ళు. మా కాగితాన్ని బట్టే మనిషి లోపలుండడమో, ఇంటికి పోవడమో జరిగేది.

కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష గుర్తుంది కదా, ఇదీ ఆ జాతిదే. మాంసంలోంచి డీఎన్‌ఏ తీసి చిన్న ట్యూబులో వేస్తాం. దుప్పి డీఎన్‌ఏని మాత్రమే గుర్తుపట్టి అతుక్కునే ప్రైమర్లు అనే పొట్టి ముక్కలు కలుపుతాం. నకళ్ళు తీసే ఎంజైము కలిపి మిషన్లో పెడతాం. మిషను వేడి చేస్తూ చల్లారుస్తూ ఉంటే, దుప్పి అయిన పక్షంలో ఆ ముక్క కోట్ల నకళ్ళయి చివరికి జెల్ అనే జిగురు పలక మీద ఒక గీతగా కనిపిస్తుంది. మేకయితే గీత ఉండదు. మోసం జరగకుండా ప్రతిసారీ పక్కన రెండు ట్యూబులు పెడతాం. కచ్చితంగా దుప్పి అని తెలిసినది ఒకటి, కచ్చితంగా మేక అని తెలిసినది ఒకటి. వీటిని కంట్రోళ్ళు అంటాం. మేక కంట్రోలులో గీత వచ్చిందంటే ఆ రోజు పరీక్ష మొత్తం చెత్తబుట్టలోకే.

ఇందులో నేను పెట్టిన రూళ్ళు రెండున్నాయి. కంట్రోలు డీఎన్‌ఏ నా గదిలో, నా ఫ్రిజ్‌లో, నా తాళం కింద ఉండాలి. దుప్పి డీఎన్‌ఏ బొట్టు ఒకటి పొరపాటున శాంపిలులో పడినా కొంప మునుగుతుంది. అందుకని మిగతా ట్యూబులన్నీ నింపడం అయ్యాక, నేనే వచ్చి, నా చేత్తో, అన్నిటికన్నా చివర కంట్రోళ్ళు వేసేదాన్ని. నేను వచ్చేదాకా ట్యూబులు బల్ల మీద ఆగాలి. కలిపిన ట్యూబుల్ని ఐసులో పెట్టడం అన్ని ల్యాబుల్లో అలవాటే. మా ఐసు మిషను పాడైపోయాక అటెండరు చేపల మార్కెట్ నుంచి ఐసు తేవడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఆ ఐసులో పొలుసు కనిపించింది. చేపల డీఎన్‌ఏ ట్యూబుల్లోకి దూరితే దిక్కెవరని ఆ రోజే ఐసు బంద్ చేశాను. అప్పటినుంచి ట్యూబులు ఉత్త ర్యాకులోనే ఉండేవి. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడితే వాళ్ళను అనుమానిస్తానని భయం.

నాతో పదకొండేళ్ళు పనిచేసిన టెక్నీషియన్ ఒకామె ఉండేది. గోదావరి అవతల అడవి ఊరి మనిషి. ఇంట్లో కోయ మాట్లాడుతుంది, మాతో తెలుగు. చెయ్యి చాలా శుభ్రం. ఆమె నింపిన ట్యూబుల్లో చుక్క ఎక్కువ తక్కువ ఉండదు. ఒకసారి ఒక కంపెనీ వాళ్ళు యాంటీబాడీ కట్టిన ఎంజైము అని చిన్న సీసా ఊరికే ఇచ్చి వెళితే, వాడి చూద్దామని ఆమె ముచ్చటపడింది. "ఊరికే ఇచ్చారంటే దాని వెనక ఏదో ఉంటుంది" అని నేను ఆ సీసాను ఫ్రీజరులో ఓ మూలకు తోసేశాను.

ఇక అసలు సంగతి. మే నెల. ఖమ్మంలో ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మా ల్యాబులో ఏసీ, పరీక్ష మిషను పెట్టిన గదికి మాత్రమే ఉండేది. ట్యూబులు నింపే బల్ల ముందు గదిలో ఉండేది. దుమ్ము లేస్తుందని అక్కడ ఫ్యాను కూడా వేయనిచ్చేదాన్ని కాదు.

అడవి అంచు గూడెం ఒకదాంట్లో ఒకతని ఇంట్లో దండెం మీద ఆరేసిన ఎండు మాంసం తునకలు దొరికాయి. రేంజరు సీలు వేసిన పొట్లం స్వయంగా పట్టుకొచ్చాడు. మనిషి నెమ్మదస్తుడే, పని మీద పట్టుదల ఎక్కువ. "అంతకుముందు రెండు రోజుల కిందనే అడవిలో ఉచ్చు దొరికింది మేడం. ఉచ్చుకు దుప్పి వెంట్రుకలున్నయ్. ఈయన ఇల్లు దగ్గర్లనే. అడిగితే ఊరి దేవత కొలుపు నాటి మేక అంటున్నడు. ఎవరిని పట్టుకున్నా మేకే అంటరు" అన్నాడు. అతన్ని అప్పటికే రిమాండుకు పంపారు.

ఆ రోజు ట్యూబులు నింపడం పదకొండింటికల్లా అయిపోయింది. నేను మీటింగులో ఇరుక్కుపోయాను. వచ్చి, తాళం తీసి, కంట్రోళ్ళు వేసి, మిషన్లో పెట్టించాను. సాయంత్రం జెల్ చూశాం. దుప్పి కంట్రోలులో లావు గీత. మేక కంట్రోలు ఖాళీగా, శుభ్రంగా ఉంది. తునకల ట్యూబులో దుప్పి గీత ఉన్న చోటే గీత.

టెక్నీషియన్ జెల్ ముందునుంచి కదల్లేదు.

"మేడం, గీత పలచగున్నది."

"ఉంటే?"

"ఇంత మాంసం తీసి ఏసినం. నిజంగ దుప్పి అయితె గీత కంట్రోలు కన్న లావు రావాలె కద. ఒక్కపారి మళ్ళ పెడ్దాం మేడం."

ఎండిన మాంసంలో డీఎన్‌ఏ చితికిపోతుంది, అందుకే పలచగా వచ్చింది అన్నాను. అది తప్పు మాటేమీ కాదు. అంతటితో ఆపితే బాగుండేది. "ఏం, మీవాడనా?" అని కూడా అన్నాను.

ఆమె చేతి గ్లౌజులు తీసి బుట్టలో వేసింది. "మా ఊరు కాదు మేడం. మా ఊరికి, ఆ ఊరికి నడుమ గోదారి ఉన్నది" అని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ సాయంత్రమే శాంపిలు మిగులును ఆమెకు అందకుండా నా గది ఫ్రిజ్‌లోకి మార్చాను. సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను, ఆమె దాన్ని మార్చేస్తుందేమోనని అనుమానపడ్డాను. మర్నాడు పొద్దున్నే 'శాంపిలు చుక్కల దుప్పి మాంసంగా తేలింది' అని రాసి సంతకం పెట్టి పంపేశాను.

వారం తరవాత ఒకావిడ మా గేటు ముందు కూర్చుని ఉంది. తెల్లవారుజామునే బయల్దేరి రెండు బస్సులు మారి వచ్చిందట. ఒళ్ళో టేకాకు పొట్లాలు మూడు. ఆ తునకల మనిషి భార్య.

"అమ్మా, మా ఇంట్ల తునకలు దుప్పియి అని రాసిన్రంట మీరు. కొలుపు నాడు మూడు మేకలు కోసిన్రు. మూడిటి కూర కలిపి, పోగులేసి, ఇంటికొక పోగు పంచిన్రు. ఏ మేక ముక్క ఏ పోగుల పడ్డదో కోసినోనికి సుత తెల్వదు. ఇగో, గివి మూడిండ్ల తునకలు. మాది దుప్పి అయితె ఊరందరిది దుప్పే కావాలె. మాదొక్కటే ఎట్లయితది?"

మాంసం పోగులు వేసి పంచుకోవడం నాకు తెలియనిదేమీ కాదు. మా మధిర వైపూ ఉంది. ఆమె మాటలో లెక్క సరిగ్గానే ఉంది, అది నాకు నచ్చలేదు. సరిగ్గా ఉన్న లెక్కను చూస్తే ఎవరో నేర్పి పంపారేమో అనిపిస్తుంది నాకు.

"సీలు లేని శాంపిలు తీసుకోను. ఇవి ఎక్కడివో నాకేం తెలుసు?" అన్నాను.

"నేను చెప్తున్న కద."

"నువ్వు చెబితే సరిపోదమ్మా."

"మరి మీరు చెప్తె సరిపోయింది కద" అని ఆ పొట్లాలు గేటు దగ్గర గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

నేను వాటిని పారేయలేదు. దయ కలిగి కాదు, ఆమె అబద్ధం పట్టుకుందామని. ఆ మూడూ మేక మాంసమని తేలితే, భర్తను విడిపించడానికి సంతలో కొన్న మేక తునకలు తెచ్చిందని రుజువవుతుంది కదా అనుకున్నాను. మీరు గమనించారో లేదో, అవి దుప్పి అని తేలితే ఊరంతా దొంగలనుకోవడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. మేకయినా తప్పు వాళ్ళదే, దుప్పయినా తప్పు వాళ్ళదే. నా ఆలోచన అంత పకడ్బందీగా ఉండేది.

ఆదివారం ల్యాబుకు నేనొక్కదాన్నే వెళ్ళాను. టెక్నీషియన్‌కు చెప్పలేదు. పోల్చి చూడడానికి మా ఇంట్లో పొద్దున కొన్న మటన్‌లోంచి ఒక ముక్క తీసుకెళ్ళాను. పదిహేనేళ్ళుగా ఒకే కొట్లో కొంటున్న మటన్. ట్యూబులన్నీ నింపి, అలవాటుగా చేతులు కడుక్కుని, గదికి వెళ్ళి తాళం తీశాను. ఇంతలో ఇంటినుంచి ఫోను. కూరలో ఉప్పు ఎంత వేయాలని మా ఆయన. ఆ ఉప్పు సంగతి, దాని వెనక ఆయన చెల్లెలి సంగతి ముగిసి, కంట్రోళ్ళు వేసేసరికి గంట దాటింది.

మేక కంట్రోలు శుభ్రం. ఆ మూడు పొట్లాల తునకలూ దుప్పి. మా ఇంటి మటనూ దుప్పి.

ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, నా మొదటి అనుమానం మటన్ కొట్టు మీదికే పోయింది. సాయంత్రం నేరుగా అక్కడికి వెళ్ళి నిలదీశాను. అతను కత్తి కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "దుప్పిని అమ్మేటోన్నయితే గీ డబ్బా కొట్ల కూసుంటనా మేడం?" అన్నాడు. ఇంటికొస్తే మా ఆయన ఆ కూర రెండుసార్లు వడ్డించుకుని తిన్నానని మురిసిపోతూ చెప్పాడు. నాకు ఆ రోజు ముద్ద దిగలేదు.

సోమవారం పొద్దున టెక్నీషియన్‌ని గదిలోకి పిలిచి జెల్ ఫొటో ముందు పెట్టాను. ఏ ట్యూబు ఏదో చెప్పాను. మా మటన్ సంగతి కూడా దాచలేదు. ఆమె ఫొటో చాలాసేపు చూసింది.

"మీ ఇంటి మటన్ సుత దుప్పి అయ్యిందంటె, ఇగ అనుమానం కూర మీద కాదు మేడం. మన మీద."

"కంట్రోలు శుభ్రంగా ఉంది కదా!"

ఆమె లేచి వెళ్ళి తన సొరుగులోంచి ఒక పాత నోటుబుక్కు తెచ్చింది. అందులో ప్రతి పరీక్షకూ టైములు రాసి ఉన్నాయి. ట్యూబులు నింపడం ఎప్పుడయింది, మేడం తాళంచెవితో ఎప్పుడు వచ్చారు, మిషన్లో ఎప్పుడు పెట్టారు. ఇది ఎందుకు రాశావు అని అడిగాను.

"ఎప్పుడన్నా ఏదన్న తప్పయితె మీరు నన్నే అంటరని. నిమిషం నిమిషం రాసి పెట్టుకున్న" అంది, నా మొహం చూడకుండా.

నేను అందరినీ అనుమానిస్తుంటే, నా అనుమానానికి భయపడి ఆమె లెక్క రాసుకుంది. ఆ లెక్కే మాకు దారి చూపింది. తునకల కేసు రోజు ట్యూబులు నా కోసం గంటా నలభై నిమిషాలు బల్ల మీద ఆగాయి. నేను వెంటనే వచ్చిన రోజుల్లో మేక శాంపిళ్ళు మేకలుగానే తేలాయి. మేక కంట్రోలు మాత్రం ఏనాడూ ఆగలేదు. అది చివర నా చేతిమీదుగా వచ్చి నేరుగా మిషన్లోకి పోయేది. వేడి గదిలో కూర్చున్న ట్యూబులకు కాపలాగా, ఏనాడూ కూర్చోని ట్యూబును పెట్టానన్నమాట.

ఆ రోజే ఇద్దరం కలిసి పరీక్ష పెట్టాం. ఒకే మేక కంట్రోలును రెండు ట్యూబుల్లో వేశాం. ఒకటి మొదటే నింపి శాంపిళ్ళ పక్కన గంటన్నర ఉంచాం. ఇంకొకటి నా పాత రూలు ప్రకారం చివర వేశాం. చివర వేసినదాంట్లో గీత లేదు. ఆగినదాంట్లో పలచటి దుప్పి గీత.

జరిగిందేమిటో పిల్లలకు ఇప్పుడు క్లాసులో చెబుతారు, మేం దెబ్బ తిని నేర్చుకున్నాం. నకళ్ళు తీసే ఎంజైముకు పని బాగా జరిగేది మంచి వేడిలో. అంతమాత్రాన గది వేడిలో అది నిద్రపోదు. అన్నం ఉడకకముందే గంటె పెట్టే మనిషిలా మెల్లగా కెలుకుతూనే ఉంటుంది. ప్రైమర్లకు ఆ కాస్త వేడిలో సరైన చోటు, సగం సరైన చోటు తేడా తెలియదు. మేక డీఎన్‌ఏ మీద కూడా కాస్త పోలిక కనబడితే అతుక్కుంటాయి. ఎంజైము అక్కడ నకలు తీసేస్తుంది. ఒక్కసారి నకలు తీశాక దాని చివర ప్రైమరే కూర్చుంటుంది కాబట్టి, తరవాత మిషన్లో ఎంత వేడి పెట్టినా అది అసలైన దుప్పి ముక్కలాగే పెరుగుతుంది. తప్పు పుట్టేది మిషన్లో కాదు, బల్ల మీద.

"ఆ సీసా తీద్దాం మేడం" అంది టెక్నీషియన్.

ఫ్రీజరు మూలనుంచి తీసి, మూత మీది మంచు తుడిచి తెచ్చింది. మన ఒంట్లోకి రోగం జొరబడితే పట్టుకోవడానికి శరీరం తయారుచేసుకునే యాంటీబాడీల వంటివే అందులోవీ. కాకపోతే ఈ ఎంజైమును పట్టుకోవడానికని తయారుచేసినవి. గది వేడిలో ఉన్నంతసేపూ ఎంజైము చేతులు కట్టేసి ఉంచుతాయి. మిషను తొంభై అయిదు డిగ్రీలకు ఎక్కగానే ఆ వేడికి అవే చెడి ఊడిపోతాయి. అప్పుడు ఎంజైము పని మొదలుపెడుతుంది. అప్పటికి తప్పుడు చోట అతుక్కున్న ప్రైమర్లూ ఆ వేడికి విడిపోయి ఉంటాయి. నేను ఊరికే వచ్చిందని అనుమానించిన సీసాలో ఉన్నది, నిజానికి ఎంజైమును అనుమానించే సరుకు.

ఆ ఎంజైముతో, గంటన్నర బల్ల మీద ఉంచి మరీ పరీక్ష పెట్టాం. దుప్పి కంట్రోలులో లావు గీత వచ్చింది. రెండు మేక కంట్రోళ్ళు శుభ్రం. మా మటన్ శుభ్రం. గేటు దగ్గరి ఆవిడ తెచ్చిన మూడు పొట్లాలూ శుభ్రం. చివరగా సీలు పొట్లంలోంచి వచ్చిన, నేను తాళం వేసి దాచిన ఆ తునక. అదీ మేకే.

టెక్నీషియన్ నోటుబుక్కు తీసి టైము రాసుకుంది. ఏమన్నా అంటుందేమోనని ఎదురుచూశాను. నేనే "నిన్ను అనరాని మాట అన్నాను" అన్నాను. "అవ్ మేడం, అన్నరు" అంది. అంతే. పర్వాలేదని గానీ, పోనివ్వండని గానీ అనలేదు. నాకు ఆ జవాబే మేలనిపించింది.

ఇక ఉత్తరం రాయాలి. నాకు రిటైర్మెంటు నాలుగు నెలల్లో ఉంది. పై ఆఫీసరు ఫోనులో, "ఇప్పుడెందుకమ్మా ఈ తలనొప్పి? హైదరాబాదు నుంచి ఎటూ రెండో రిపోర్టు వస్తుంది కదా, వాళ్ళే తేలుస్తారులే" అన్నాడు. ఆ రిపోర్టు రావడానికి నెలలు పడుతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అన్ని నెలలూ ఆ మనిషి లోపలే ఉంటాడు. ఒక పూటంతా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నా పేరు పోతుందని భయం వేసింది. ఆ భయాన్ని ఇక్కడ దాచి ప్రయోజనం లేదు. చివరికి, 'మా పరీక్ష విధానంలో లోపం ఉంది, పాత రిపోర్టును వెనక్కి తీసుకుంటున్నాం, సరిచేసిన పరీక్షలో ఇది మేక మాంసంగా తేలింది' అని రాశాను. రేంజరుకు ముందుగా ఫోనులో చెప్పాను.

పాత రిపోర్టు నంబరు అడిగి రాసుకున్నాడు. తరవాత మెల్లగా అడిగాడు. "ఎవరన్న వచ్చి కలిసిన్రా మేడం?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో నన్ను అంత మాట అన్నవాళ్ళు లేరు. ఫోను పెట్టేశాక గాని తట్టలేదు, 'మీవాడనా' అని నేను అన్నదీ ఇదే మాట. అతనిది తప్పనడానికి నోరు రాలేదు. కలిసినవాళ్ళు ఉన్నారు కూడా, గేటు ముందు టేకాకు పొట్లాలతో.

ఆ ఉత్తరాన్ని బట్టి, సీలు వేసి ఉంచిన మిగతా శాంపిలును హైదరాబాదుకు అర్జంటుగా పంపారు. వాళ్ళు డీఎన్‌ఏ అక్షరాలు చదివి మేకేనని రాశారు. మొత్తం నలభై రోజుల పైచిలుకు లోపలుండి అతను బయటికొచ్చాడు. వచ్చిన వారానికి భార్యతో కలిసి మా ల్యాబుకు వచ్చాడు. తిడతాడనుకున్నాను. కుర్చీలో అంచు మీద కూర్చుని, ఆ మిషను ఏది, ఆ గీత ఎట్లుంటది, ఒకసారి చూపించమన్నాడు. టెక్నీషియన్ అతనికి కోయలో అంతా చెప్పింది. నాకు అర్థమైంది 'ట్యూబు', 'మేడం' అనే రెండు మాటలే. అతను శ్రద్ధగా విని నా వైపు తిరిగాడు.

"మా కన్న ముందట ఎంతమందికి గిట్ల రాసిన్రు సారమ్మా?"

మీరు నమ్మండి, అనుమానాల మేడానికి ఆ అనుమానం అప్పటిదాకా రాలేదు.

వాళ్ళు వెళ్ళాక రిజిస్టరు తీశాం. ఐసు బంద్ చేసిన రోజు నుంచి మేం దుప్పి అని రాసినవి, ఇది కాక, ఏడు. అయిదింటికి మాంసం ఫ్రీజరులో మిగిలి ఉంది. కొత్త ఎంజైముతో మళ్ళీ పెట్టాం. అయిదూ నిజంగా దుప్పివే. గీతలు ఇంత లావున వచ్చాయి. మిగతా రెండింటి శాంపిళ్ళు లేవు. కేసు ముగిశాక శాంపిలు పారేయాలన్నది రూలు, పారేసినట్టు రాసిన చోట సంతకం నాదే. టెక్నీషియన్ నోటుబుక్కులో ఆ రెండు రోజులూ చూశాం. ఒకటి గంటా పది నిమిషాలు ఆగింది. రెండోది రెండు గంటలకు దగ్గర.

అంటే అవి మేకలని కాదు. దుప్పి కూడా అంతసేపు ఆగితే గీత వస్తుంది. అసలు తెలియదని అర్థం.

రెండు కేసుల్లోనూ ఉత్తరాలు పంపి ఊరుకోవచ్చు. పంపాను కూడా. కానీ అవి ముగిసిన కేసులు. ఒకతను సత్తుపల్లి వైపు బొగ్గు పనికి పోయాడని, ఎక్కడున్నాడో తెలియదని అన్నారు. రెండో అతను ఊళ్ళోనే ఉన్నాడు. రిటైరైన నెలలోనే టెక్నీషియన్‌ని తోడు తీసుకుని వెళ్ళాను. బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచాం.

అతను జామాయిల్ కర్ర చెక్కుతున్నాడు. మేం ఎవరమో చెబితే గుర్తుపట్టాడు. కోపం లేదు. "నేను మొదటినుంచి మేకే అన్న. మీ కాగితం చూపెట్టి, దుప్పి అని తేలింది, ఒప్పుకుంటె జల్దీ అయిపోతది అన్నరు. ఒప్పుకున్న. అయిపోయింది" అన్నాడు. తరవాత గొంతు తగ్గించాడు. "ఇంట్ల మాత్రం అయిపోలే. మా ఆమె ఇప్పటికి నమ్మదు. పిల్లలకు దుప్పి కూర పెట్టి, మేక అని చెప్పి, నా తోటి సుత అబద్ధం ఆడినవ్ అంటది. కాగితం ఉన్నది కద అంటది. మీరొక్క మాట చెప్పండమ్మా, మేకేనని."

ఆమె గడపలో నిలబడి వింటోంది. నన్ను సూటిగా చూస్తోంది. మేకేనని ఒక్క మాట అంటే ఆ ఇల్లు చల్లబడేది. నోటిదాకా వచ్చింది. కానీ నాకు తెలియదు. తెలియనిది తెలిసినట్టు రాసే కదా ఇక్కడిదాకా వచ్చాను.

పాత రిపోర్టు ఉందా అని అడిగాను. రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో దాచిన కాగితం ఆమే తెచ్చి ఇచ్చింది. మడతల దగ్గర చిరుగుతోంది. దాని కింద పెన్నుతో, 'ఈ పరీక్ష నమ్మదగినది కాదు. ఇది ఏ మాంసమో చెప్పలేను' అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాను. టెక్నీషియన్ దాన్ని పైకి చదివింది, ఒకసారి తెలుగులో, ఒకసారి కోయలో.

అతని భార్య కాగితం తీసుకుని నేను రాసిన చోటును వేలితో తడిమింది. భర్త వైపు చూసింది. అతను కర్ర వంక చూస్తూ కూర్చున్నాడు.

"తెల్వదనా?" అంది నాతో.

"తెలియదమ్మా."

"గా మాట అప్పుడే రాస్తె అయిపోతుండె కద" అంది.